పొద్దున నిమిషాలు లెక్కపెడతారు, రాత్రి గంటల సంగతేంటి? బట్టల షోరూంల యజమానులకు బహిరంగ లేఖ

తెలంగాణలో మూడు నాలుగు అంతస్తుల బట్టల షోరూంలు నడుపుతున్న యజమానులందరికీ నమస్కారం.

ఆషాఢం సేల్ బ్యానర్లు ప్రింటింగ్‌కు ఇవ్వకముందే ఇది రాస్తున్నాను, ఎందుకంటే సేల్ మొదలైతే మీకు చదివే తీరిక ఉండదు, మాకు రాసే ఓపిక ఉండదు. నేను చీరల సెక్షన్‌లో సేల్స్ చేస్తాను. ఏ షోరూమో చెప్పను. చెప్తే ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఇది ఒక్క షోరూం గొడవ కాదు. నాతో హాస్టల్లో ఉన్నవాళ్ళు, అక్కడ మానేసి ఇక్కడ చేరినవాళ్ళు, ఇక్కడ మానేసి ఇంకో చోటికి పోయినవాళ్ళు, ఎవరిని కదిలించినా ఒకటే కథ చెప్తారు. బోర్డు మీద పేరు మారుతుంది, అంతే.

ముందే ఒక మాట. ఇద్దరు పనివాళ్ళను పెట్టుకుని, ఓనర్ కూడా పొద్దుటి నుంచి రాత్రి దాకా కౌంటర్ వెనకే నిలబడే చిన్న షాపుల గురించి నేను మాట్లాడటం లేదు. ఓపెనింగ్‌కు హీరోయిన్‌ని పిలిపించి రోడ్డు మొత్తం జామ్ చేయించగలిగినవాళ్ళతోనే నా మాట.

మీ పంచింగ్ మిషన్ సంగతి మాట్లాడుకుందాం. పొద్దున తొమ్మిదిన్నరకు వేలు పెట్టాలి. బస్సు దొరక్క తొమ్మిదీ నలభైకి పెడితే లేట్. నెలలో మూడు లేట్లు పడితే సగం రోజు జీతం కట్. ఈ లెక్కలో ఏనాడూ పొరపాటు జరగదు, మిషన్ చెడిపోయిన రోజు కూడా ఫ్లోర్ మేనేజర్ గేటు దగ్గర నిలబడి పుస్తకంలో రాసుకుంటాడు. మరి రాత్రి? తొమ్మిదిన్నరకు అందరినీ వరసగా నిలబెట్టి పంచ్ కొట్టిస్తారు. పంచ్ కొట్టాక ఇంటికి పోతామా? పోము. మళ్ళీ మెట్లెక్కి పైకి పోతాం, మడతలకు. మిషన్ దృష్టిలో మేం అప్పటికే ఇంట్లో ఉన్నాం, భోజనం చేస్తున్నాం, టీవీ చూస్తున్నాం. నిజానికి సెకండ్ ఫ్లోర్‌లో కింద కూర్చుని చీరలు మడతపెడుతున్నాం.

మడత అంటే ఏదో పది నిమిషాల పని అని మీలో కొత్తగా వ్యాపారంలోకి వచ్చిన కుర్ర ఓనర్లు అనుకుంటున్నట్టున్నారు, అందుకే చెప్తున్నా. ఒక పెళ్ళివాళ్ళు వస్తే గంటన్నరలో అరవై డెబ్బై చీరలు విప్పి చూపిస్తాం. ‘ఇదే డిజైన్‌లో రామా గ్రీన్ ఉందా?’, ‘ఇంకొంచెం చిన్న బార్డర్ చూపించమ్మా’, ‘ఈ పైట ఆ చీరకి ఉంటే బాగుండేది’. అన్నీ చూసి, భుజం మీద వేసుకుని, ఫోటోలు తీసి ఊళ్ళో ఉన్న అక్కకు పంపి, చివరికి ‘అలా వెళ్ళి చూసొస్తాం’ అంటారు. వాళ్ళది తప్పులేదు, వాళ్ళ డబ్బు, వాళ్ళ పెళ్ళి. కానీ గద్దె మీద గుట్ట మిగిలేది మాకు. ఒక్కో చీరా అంచుకు అంచు కలిపి, పాత మడత గీత మీదే మళ్ళీ మడత పడేలా చూసి, ట్యాగ్ పైకి కనిపించేలా కవర్లో పెట్టి, కోడ్ ప్రకారం ఏ ర్యాక్‌దాన్ని ఆ ర్యాక్‌లో సర్దాలి. పట్టుచీరకు మడత తప్పితే జరీ నలుగుతుంది, ఆ నలుగుడు రేపు ‘డ్యామేజ్’ అని పేరు మార్చుకుని మాలో ఎవరి జీతంలోంచో పోతుంది. కాబట్టి నిద్రకళ్ళతో మడతపెట్టే పని కాదది. అది అయ్యి, బ్యాగులు చెక్ చేయించుకుని, రోడ్డు మీదికి వచ్చేసరికి పదిన్నర. సీజన్లో పదకొండు.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. ఇది నిన్న మొన్న ఎవరో యూనియన్ వాళ్ళు రాసుకున్న కాగితం కాదు, ఉమ్మడి రాష్ట్రంలో 1988లో వచ్చిన దుకాణాలు, సంస్థల చట్టం, తెలంగాణ వచ్చాక దాన్నే మనం మన చట్టంగా తీసుకున్నాం. మీ షాపుకు లేబర్ లైసెన్సు ఇచ్చింది ఆ చట్టం కిందే, క్యాష్ కౌంటర్ వెనకాల దేవుడి పటం పక్కన ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు కదా, అదే. దాని ప్రకారం దుకాణంలో పనిచేసే మనిషికి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఏకబిగిన అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం గంట విరామం ఇవ్వాలి. విరామంతో కలిపి పొద్దున అడుగుపెట్టినప్పటి నుంచి రాత్రి బయటపడేదాకా మొత్తం 12 గంటలు దాటకూడదు. అదనంగా పని చేయిస్తే ఆ గంటలకు మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి.

లెక్క వేద్దాం, మీకు లెక్కలంటే ఇష్టం కదా. ఒకమ్మాయికి నెలకు 15,600 రూపాయలు అనుకుందాం, లెక్క తేలిగ్గా తెగుతుందని ఆ అంకె తీసుకున్నా. 26 పనిదినాలకు భాగిస్తే రోజుకు 600, ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు 75. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి రాత్రి పదిన్నరకు వెళ్ళేవాళ్ళు పదమూడు గంటలు షోరూంలో ఉన్నట్టు. తిండికి గంట తీసేద్దాం, సీజన్లో ఆ గంట కూడా ఇవ్వరు, బ్యాచులవారీగా ఇరవై నిమిషాల్లో మెతుకులు మింగి రావాలి, అయినా తీసేద్దాం. పన్నెండు గంటల పని. అంటే నాలుగు గంటల ఓవర్‌టైమ్. గంటకు 150 చొప్పున 600. అర్థమైందా? ప్రతి రోజూ ఇంకో పూర్తి రోజు జీతం మీ దగ్గరే ఆగిపోతోంది. నెల మొత్తం అలా నడిస్తే ఇంకో 15,600. ఇది ఒక్క మనిషి లెక్క, మీ నాలుగు అంతస్తులకు ఎంతమందో మీరే గుణించుకోండి. (అసలు అంతసేపు ఉంచుకోవటానికే చట్టం ఒప్పుకోదు, డబ్బిస్తే సరిపోతుందని కూడా కాదు. కానీ ఆ డబ్బు కూడా ఇవ్వటం లేదు కదా, ముందు అది మాట్లాడుతున్నా.)

‘జీతం మాట్లాడుకున్నప్పుడే ఈ టైమింగ్స్ చెప్పాం, ఒప్పుకునే చేరారు’ అంటారు మీరు. చెప్పారు, నిజమే. మేమూ తలూపాం. కానీ చట్టం ఇచ్చిన డబ్బును వదులుకుంటాం అని పనివాడు రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదని వేతనాల కోడ్‌లో (పాత జీతాల చట్టాలన్నీ కలిపి కేంద్రం తెచ్చిన కొత్త చట్టం) ఉంది. రాసిచ్చినదే చెల్లనప్పుడు, ఇంటర్వ్యూ రోజు భయం భయంగా తలూపినది ఏ కోర్టులో నిలబడుతుంది?

ఈ మధ్య ఇంకో మాట మొదలైంది. ‘సర్కారే పది గంటలు చేసింది, పేపర్లో రాలేదా?’ అని ఫ్లోర్ మేనేజర్లు అంటున్నారు. వచ్చింది సార్, మేమూ చదివాం. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఆ ఉత్తర్వు కమర్షియల్ ఎస్టాబ్లిష్‌మెంట్లకు, అంటే ఆఫీసుల్లాంటి వాణిజ్య సంస్థలకు, అందులో దుకాణాలు లేవు, దుకాణాలను మినహాయించి ఇచ్చారు. పోనీ వాళ్ళకైనా వారానికి 48 గంటలు అలాగే ఉన్నాయి, అది దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిందే. హెడ్‌లైన్ వరకే చదివి మా మీద ప్రయోగించటం మానేయమని మీ మేనేజర్లకు చెప్పండి.

ఇక ఆ మూడు లేట్ల సంగతి. నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండేది ఇదే, డబ్బు ఎక్కువని కాదు, ఇందులో ఉన్న దబాయింపుకు. పని చేయని టైముకు జీతం కోయొచ్చు, కాదనను. కానీ ఎంత కోయాలి? ఎంతసేపు పనిలో లేరో అంతే, ఒక్క నిమిషం ఎక్కువ కోయకూడదు. ఇది కొత్త సూత్రం కాదు, 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉండేది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. పై లెక్క ప్రకారమే చూడండి: మూడు రోజులు పదేసి నిమిషాలు లేట్ అయితే అరగంట. అరగంటకు 37 రూపాయల 50 పైసలు. మీరు కోస్తున్నది 300. మిగతా 262 రూపాయల 50 పైసలు దేనికి?

‘అది ఫైన్’ అంటారా? సరే, ఫైన్ అనే అనుకుందాం. ఫైన్‌కూ ఒక పద్ధతి ఉంది. ఏయే తప్పులకు ఫైన్ వేస్తారో ముందే ప్రభుత్వం దగ్గర ఆమోదం తీసుకోవాలి, ఆ జాబితా పనివాళ్ళకు కనబడేలా నోటీసు పెట్టాలి. ఫైన్ వేసే ముందు ఆ మనిషిని పిలిచి, నువ్వేమంటావు అని అడగాలి. నెల మొత్తం మీద వేసిన ఫైన్లు ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. వాయిదాల్లో వసూలు చేయకూడదు, తప్పు జరిగిన 90 రోజులు దాటాక అసలు వసూలు చేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, మీలో చాలామందికి తెలిసి ఉండదనుకుంటా: ఫైన్ డబ్బు ఓనర్ జేబులోకి పోకూడదు. అది రిజిస్టర్లో రాసి, పనివాళ్ళకు పనికొచ్చే వాటికే ఖర్చు పెట్టాలి. ఇన్నేళ్ళుగా చీరల సెక్షన్ నుంచి కోసిన లేట్ ఫైన్లతో మాకు ఒక ఫ్యాను కూడా రాలేదు, నాకు తెలిసినంతవరకు ఆ రిజిస్టరు ఎవరి కంటా పడలేదు.

షార్టేజ్ కూడా ఇదే తంతు. స్టాక్ లెక్క చూసినప్పుడు నాలుగు చీరలు తగ్గాయి, సెక్షన్లో పదిమంది ఉన్నారు, పదిమందికీ సమానంగా పంచేసి కోసేయ్. ఎవరు తీశారో, అసలు పోయాయో లేక వేరే బ్రాంచికి పంపి ఎంట్రీ వేయటం మర్చిపోయారో అక్కర్లేదు. చట్టం ఏమంటుందంటే, ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని తేలాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, కోత అసలు నష్టాన్ని మించకూడదు. ప్రతి అంతస్తులో అన్ని కెమెరాలు పెట్టుకున్నారు. మేం గోడకు ఆనుకుంటే రెండు నిమిషాల్లో కింద నుంచి ఫోన్ వస్తుంది, ‘ఆ అమ్మాయిని సరిగ్గా నిలబడమను’ అని. మరి చీర పోయినప్పుడు ఆ కెమెరాలు ఎటు చూస్తుంటాయి?

నిలబడటం అన్నాను కాబట్టి అది కూడా చెప్తాను. కస్టమర్ ఉన్నంతసేపు నిలబడతాం, అది మా పని. కస్టమర్ లేనప్పుడు కూడా ఎందుకు నిలబడాలి? మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఫ్లోర్‌లో పురుగు కూడా ఉండదు, అయినా పదిమందిమి కౌంటర్ల వెనక కొయ్యబొమ్మల్లా నిలబడే ఉంటాం. కస్టమర్లకు వేసిన స్టూళ్ళు మా కళ్ళ ముందే ఖాళీగా ఉంటాయి. రాత్రి హాస్టల్‌కు పోయాక వరసగా పడుకుని గోడకు కాళ్ళు ఎత్తిపెట్టుకుంటాం, పాదాలు వాచి చెప్పుల పట్టీ గుర్తులు అచ్చులు పడి ఉంటాయి. మా సీనియర్ ఒకావిడకు పిక్కల్లో నరాలు ఉబ్బి డాక్టర్ దగ్గరికి పోతే ఎక్కువసేపు నిలబడే పని మానుకోమన్నాడట. ఆవిడ ఇంటికి రాకముందే నవ్విందట, ఆ డాక్టర్ ఫీజుకు కూడా నిలబడే సంపాదించాలి కదా అని.

కేరళలో ఆడవాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి కొట్లాడారు. కోజికోడ్ మిఠాయి వీధిలో దర్జీ పని చేసే పి. విజి, ఆవిడతో ఉన్న పెణ్‌కూట్టు అనే ఆడవాళ్ళ సంఘం మొదట అడిగింది కుర్చీ కూడా కాదు, టాయిలెట్. షాపుల్లో టాయిలెట్ లేక పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగకుండా పనిచేసేవాళ్ళు అక్కడ. అక్కడి నుంచి మొదలై చివరికి 2018లో కేరళ ప్రభుత్వం చట్టం మార్చి, దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది, చెన్నై టీనగర్‌లో మనవాళ్ళు కూడా పెళ్ళి బట్టలకు పోతుంటారు కదా, అక్కడి షాపులకూ వర్తిస్తుంది. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్ళకు సీటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. ఇప్పుడు వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో కూడా నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే ఏర్పాటు అనే మాట స్పష్టంగా ఉంది. కాబట్టి ‘సేల్స్‌వాళ్ళు కూర్చుంటే కస్టమర్‌కు మర్యాద ఇవ్వనట్టుంటుంది’ అనే పాత పాట ఇక చాలు. కస్టమర్లు చాలా మంచోళ్ళు, ‘కూర్చో తల్లీ, పొద్దుటి నుంచి నిలబడే ఉన్నావు’ అని వాళ్ళే అంటారు. మేమే కెమెరా వైపు చూసి, ‘పర్లేదమ్మా’ అంటాం.

నాలుగు అంతస్తుల బిల్డింగులో స్టాఫ్‌కు ఒకే టాయిలెట్, అదీ సెల్లార్లో, దానికీ ఇన్‌చార్జిని అడిగి పోవాలి, ఇంత టైములో రావాలి. దీని గురించి ఇంకా రాయాలంటే సిగ్గుగా ఉంది, రాసేది నేనైనా సిగ్గుపడాల్సింది నేను కాదు, అయినా ఆపేస్తున్నా.

రాత్రి ప్రయాణం గురించి మాత్రం ఆపను. 1988 చట్టంలో ఆడవాళ్ళ చేత రాత్రి ఎనిమిదిన్నర తర్వాత పని చేయించకూడదని ఉంది. కాలం మారింది, ఆడవాళ్ళు రాత్రిపూట పని చేయకూడదు అనటం నాకూ నచ్చదు, చేస్తాం. అందుకే ప్రభుత్వం దారి చూపించింది: 2023లో దుకాణాలు 24 గంటలూ తెరుచుకోవచ్చని, ఏడాదికి పదివేలు అదనపు ఫీజు కట్టాలని ఉత్తర్వు ఇచ్చినప్పుడే, రాత్రి పనిచేసే ఆడవాళ్ళ సమ్మతి తీసుకోవాలి, ఇంటికి చేర్చే వాహనం ఏర్పాటు చేయాలి అని షరతులు పెట్టింది. మీరు షరతులు వదిలేసి రాత్రిని మాత్రం ఉంచుకున్నారు. హాస్టల్లో ఉన్నవాళ్ళను వ్యాన్‌లో దింపుతున్నారు, మంచిదే, కానీ ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు? ఉప్పల్ దాటి, ఎల్బీనగర్ దాటి, పటాన్‌చెరు వైపు పోవాల్సినవాళ్ళు పదకొండింటికి బస్టాపులో నిలబడి ఉంటారు. లాస్ట్ బస్సు పోతే షేర్ ఆటో, ఆటోలో ఎవరెక్కుతారో తెలియదు, ఇంట్లోవాళ్ళకు ఫోన్ ఆన్‌లో పెట్టి మాట్లాడుతూనే పోతారు. ఆ ఆటో చార్జీ మీ లెక్కలో ఎక్కడా ఉండదు.

సెలవులు కూడా చూడండి. వారానికి ఒక రోజు జీతంతో సెలవు. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్ళకు తర్వాతి ఏడాది 15 రోజులు జీతంతో సెలవు, అది కాక 12 క్యాజువల్, 12 సిక్. ఇవి ఉన్నాయని మా షోరూంలో సగం మందికి తెలియదు. ఆషాఢం నుంచి దీపావళి దాకా వారపు సెలవు కూడా ‘సీజన్ అయ్యాక తీసుకుందువులే’ అంటారు, సీజన్ అయ్యాక పెళ్ళిళ్ళు, పెళ్ళిళ్ళయ్యాక సంక్రాంతి, ఆ తర్వాత రంజాన్. తెలుగువాళ్ళు బట్టలు కొనని నెల ఒక్కటి చూపించండి, మేం ఆ నెలలోనే జబ్బు పడతాం.

పీఎఫ్ (భవిష్యనిధి), ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఎలా ఎగ్గొడుతున్నారో కూడా తెలుసు, ఒకే బిల్డింగులో ఒక్కో ఫ్లోర్‌కు ఒక్కో ఫర్మ్ పేరు పెట్టి, ఇక్కడ తొమ్మిదిమంది, అక్కడ తొమ్మిదిమంది అని చూపించటం. పదిమంది ఉంటే ఈఎస్‌ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్ కదా. ఈఎస్‌ఐకి మీరు కట్టాల్సింది జీతంలో 3.25 శాతం, మా నుంచి 0.75 శాతం. 15,600 మీద మీ వాటా 507 రూపాయలు. అంత చిన్న మొత్తానికి ఒక మనిషి ఆపరేషన్ ఖర్చంతా అప్పు తెచ్చుకోవాల్సి వస్తుంది. పెళ్ళయిన అమ్మాయి కడుపుతో ఉందని తెలియగానే ‘డెలివరీ అయ్యాక చూద్దాంలే’ అని పంపించేయటం కూడా ఇలాంటిదే, ఆ అమ్మాయికి 26 వారాల జీతంతో కూడిన సెలవు హక్కుగా వస్తుంది, ఆ సమయంలో తీసేయటం నేరం. మీరు పంపించేస్తారు, ఆ అమ్మాయేమో స్వీట్ బాక్స్ తెచ్చి అందరికీ పంచి, ఏడ్చి వెళ్ళిపోతుంది. ఇది మా ఫ్లోర్‌లో ఎంత మామూలైపోయిందంటే, ఎవరైనా స్వీట్ బాక్స్ తెస్తే ముందు పెళ్ళికా, కడుపుకా అని అడుగుతాం.

మీ వైపు వాదన కూడా నాకు తెలుసు, రోజూ వింటాను. ఆన్‌లైన్ వల్ల గిరాకీ పోయింది, కిరాయి పెరిగింది, పక్కన ఇంకో పెద్ద షోరూం వచ్చింది, ఒకటి కొంటే రెండు ఫ్రీ ఇవ్వకపోతే జనం రారు. నిజమే అయ్యుండొచ్చు. కానీ కిరాయి తగ్గించమని బిల్డింగ్ ఓనర్‌ను అడిగి, ఆయన ఇవ్వను అంటే మాట్లాడకుండా కడతారు. కరెంటు బిల్లు రెట్టింపు వస్తే తిట్టుకుంటూ కడతారు. యాడ్ ఏజెన్సీకి అడ్వాన్స్‌గా కడతారు. తగ్గించుకోవటానికి వీలున్న ఖర్చు అంటూ కనబడేది మా రాత్రి గంట ఒక్కటే, ఎందుకంటే దానికి బిల్లు రాదు.

‘హాస్టల్ ఇచ్చాం, రెండు పూటలా అన్నం పెడుతున్నాం’ అంటారు. పెడుతున్నారు, మా జీతంలోంచి మెస్ చార్జీలు కోసుకునే పెడుతున్నారు. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు ఆ హాస్టల్ పెద్ద ఆసరా, నేనూ అందులో ఉన్నదాన్నే, కాదనను. కానీ ఉద్యోగం మానేస్తే అదే రాత్రి పెట్టె సర్దుకోవాలి అన్న భయం కూడా అదే హాస్టల్ ఇస్తుంది. ఇంట్లో చెల్లి పెళ్ళికి అడ్వాన్సు తీసుకున్నవాళ్ళు, అది తీరేదాకా నోరెత్తరు. అందుకే ఎవరూ ఫిర్యాదు చేయటం లేదు, అంతేగానీ అందరూ సంతోషంగా ఉన్నారని కాదు.

షిఫ్టులు పెట్టుకోవచ్చు. పొద్దున వచ్చినవాళ్ళు సాయంత్రం ఆరున్నరకు, మధ్యాహ్నం వచ్చినవాళ్ళు రాత్రి మూసేదాకా. ఫుడ్‌కోర్టుల్లో, మల్టీప్లెక్సుల్లో, సూపర్ మార్కెట్లలో చేస్తున్నారు, బట్టల షాపులో చేయలేనిది ఏముంది? సాయంత్రం గిరాకీ ఎక్కువ, ఆ టైముకు రెండు షిఫ్టులవాళ్ళూ ఉండేలా కలపొచ్చు. కాస్త ఎక్కువమందిని పెట్టుకోవాలి, అవును. ఊళ్ళల్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాళ్ళు లేరా?

ఆషాఢం లోపు నేను అడిగేవి పెద్దవేం కావు. రాత్రి నిజంగా బయటికి వెళ్ళేటప్పుడే పంచ్ కొట్టనివ్వండి. మూడు లేట్లకు సగం రోజు అనే రూల్ తీసేసి, ఎన్ని నిమిషాలో అన్ని నిమిషాలకే కోసుకోండి. ప్రతి సెక్షన్‌లో మాకోసం రెండు స్టూళ్ళు వేసి, కస్టమర్ లేనప్పుడు వంతులవారీగా కూర్చోవచ్చని ఫ్లోర్ మేనేజర్‌కు మీ నోటితో మీరే చెప్పండి, మేం చెప్తే వినడు. పే స్లిప్ ఇవ్వండి, అందులో బేసిక్ ఎంత, డీఏ (కరువు భత్యం) ఎంత, ఓటీ ఎంత, కోత ఎంత అని విడివిడిగా ఉండాలి. ఏప్రిల్లో, అక్టోబర్లో ప్రభుత్వం డీఏ మారుస్తుంది, మా ‘కన్సాలిడేటెడ్’ జీతంలో అది ఎప్పుడు కలిసిందో ఎప్పుడు కలవలేదో ఇప్పటిదాకా మాకు అంతుబట్టలేదు. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వండి. బ్యాగులు చెక్ చేయాలనుకుంటే ఆడవాళ్ళను పెట్టి పక్కన గదిలో చేయించండి, రోడ్డు మీద సెక్యూరిటీ అన్న ముందు కాదు, పాపం ఆయనకే ఇబ్బందిగా ఉంటుంది.

ఇవేవీ చేయకపోతే ఏమవుతుంది అని మీరు అనుకుంటూ ఉండొచ్చు. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళం లేబర్ ఆఫీసు మెట్లెక్కుతామని నేను బెదిరించను, మా సంగతి పైనే చెప్పాను. మానేసి వెళ్ళిపోయినవాళ్ళ గురించి మాత్రం ఒకసారి ఆలోచించండి. బట్టల షాపుల్లో మనుషులు ఎంత తొందరగా మారిపోతారో మీకన్నా బాగా ఎవరికి తెలుసు? వాళ్ళకు మీ హాస్టల్ అక్కర్లేదు, అడ్వాన్సు బాకీ లేదు, మీ మేనేజర్ అంటే భయం లేదు. రావాల్సిన జీతం, ఓవర్‌టైమ్, అక్రమంగా కోసిన డబ్బు కోసం క్లెయిమ్ వేయటానికి వేతనాల కోడ్ మూడేళ్ళ గడువు ఇచ్చింది. బాకీ తేలితే దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఆ క్లెయిమ్ విచారించే అధికారికి ఉంది. డబ్బు ఇచ్చేశాం అని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత కూడా పనివాళ్ళది కాదు, మీది. అప్పుడు మీరు చూపించాల్సింది ఆ పంచింగ్ మిషన్ రికార్డే, అందులోనేమో అందరూ ఏళ్ళ తరబడి ఒకే నిమిషానికి, రాత్రి తొమ్మిదిన్నరకు, వరసగా ఇంటికి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. అదే రాత్రి పదిన్నరకు మీ కెమెరాల్లో మేం మడతలు పెడుతూ కనబడతాం. రెండూ పక్కపక్కన పెట్టి ఒకసారి మీ ఆడిటర్‌కు చూపించండి, ఆయన ఏమంటాడో కనుక్కోండి.

ఇట్లు,
చీరల సెక్షన్‌లో పనిచేసే ఒక సేల్స్ ఉద్యోగిని,
హైదరాబాద్